వగైరా హాజిర్ హై?

ఇంతకాలం నా మాట ఎవరూ వినలేదు. వినలేదు అనడం కూడా మర్యాదకే. విన్నారు, విని పక్కవాడితో మరో మాట మాట్లాడుకున్నారు. మా తాలూకా పాత సంగతులు చెప్పుకునే సభలు ఎప్పుడు జరిగినా నేను వెళ్లాను. వెళ్లిన ప్రతిసారీ ఎవరో ఒక పెద్దమనిషి మా ఊరి బంచరాయి కేసు ఎత్తి, రైతులు పేషీకి హాజరు కాకపోవడం వల్లనే ఆ ఉమ్మడి మేత భూమి పోయిందని చెబుతాడు. నేను లేచి, హాజరయ్యారు, వాళ్లతో నేనూ ఉన్నాను అంటాను. వేదిక మీదివారు చిరునవ్వు నవ్వి, పెద్దాయన ఆవేశపడుతున్నారు, తరువాత మాట్లాడదాం అంటారు. ఒకసారి నన్ను కూర్చోమని కుర్చీ కూడా తెప్పించారు. నేను కూర్చోలేదు. సభ ముగిసేదాకా ఆ కుర్చీ పక్కనే నిలబడ్డాను. ఆ సంగతి కుర్చీ వేయించిన మనిషికి మరుసటి ఏడు గుర్తు లేదు. నాకు ఉంది.

చెప్పవలసింది చిన్న సంగతే. మా నాయన ఆ రోజు కచేరీకి వచ్చాడు. వచ్చినవాణ్ని రాలేదని రాశారు. అది ఎట్లా జరిగిందో చెప్పాలంటే మాబోటివాళ్లను ఆ రోజుల్లో ఏ మాటలతో పిలిచేవారో చెప్పాలి. ఆ మాటల దగ్గరే అంతా జరిగింది.

మా ఊరు కోడేరుకూ నాగర్‌కర్నూలుకూ నడుమ, నేరుగా నిజాం సర్కారు ఇలాకాలో ఉంది. మా అమ్మ పుట్టినిల్లు కృష్ణ అవతల, గద్వాల సంస్థానంలో. నా అత్తవారిల్లు వనపర్తి సంస్థానంలో. ముగ్గురు ప్రభువుల కింద బంధువులున్నవాణ్ని కాబట్టి, ఒకే మాట ఏరు దాటితే ఎట్లా మారుతుందో నాకు చిన్నప్పటి నుంచి తెలుసు.

గద్వాల వైపు కన్నడం కలుస్తుంది. అక్కడ "మంది" అంటే మనవాళ్లు. మా అమ్మమ్మ "మన మంది బాగున్నరా" అని అడిగేది. మా ఊరిలో "మంది" అంటే పరాయివాళ్లు. మంది సొమ్ము ముట్టొద్దు, మంది నవ్వుతరు అంటాం. మా అమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారిని, మంది అన్నం తిన్నారా అని అడిగిందట. ఇంటిల్లిపాదీ తిన్నారా అని ఆమె ఉద్దేశం. మా నాయనమ్మ పరాయివాళ్లెవరో తిండికి వచ్చారనుకుని గబగబా అన్నం కుండ మీద మూత పెట్టిందని చెప్పుకుని నవ్వేవారు. మా అమ్మ మాత్రం నవ్వేది కాదు. తనవాళ్లకు చెప్పే మాటను ఈ ఊళ్లో పరాయివాళ్లకు వాడతారని ఆమెకు చివరిదాకా బాధగానే ఉండింది.

వనపర్తి వైపు "రయ్యతు" పెద్ద మాట. సంస్థానం హుకుం ఏదైనా వస్తే డప్పు కొట్టి, రయ్యతులందరూ వినవలెనని చెప్పేవారు. మా మామ ఆ మాటను తలపాగాలాగా కట్టుకుని తిరిగేవాడు. పట్టా ఉన్నవాడే రయ్యతు, మిగతావాళ్లు పనివాళ్లు అని నాకు పెళ్లయిన మొదటి పండుగకే పాఠం చెప్పాడు. ఆ మరునాడే సంస్థానం ఠాణా ముందు ఒక జవాను ఆయన పేరు చివర "గాడు" తగిలించి, పక్కకు జరగమన్నాడు. మామ జరిగాడు. అల్లుడి ముందు జరగవలసి వచ్చినందుకు మూడు రోజులు నాతో మాట్లాడలేదు, తప్పు నాదైనట్టు.

మా ఊళ్లో శిస్తు వసూలు చూసే మాలీ పటేలు వాడే మాట "ఊరోళ్లు". ఈ మాటను ఆయన వాడినట్టు ఇంకెవరూ వాడలేరు. ఊరోళ్లు ఒప్పుకున్నరు అని ఆయన పై అధికారులకు చెబితే, ఆ ఊరోళ్లు అంటే ఆయన అరుగు మీద కూర్చుని చుట్ట కాల్చే నలుగురు. ఊరోళ్లు రేపు పొద్దున రావాలె అని ఊరి నౌకరు సుంకరితో చెప్పించాడంటే, ఆ ఊరోళ్లు అంటే మేము, జీతం లేని పనికి. ఒప్పుకోవడానికి ఒక ఊరోళ్లు, మోయడానికి ఒక ఊరోళ్లు. మాట ఒకటే కాబట్టి కాగితం మీద చూసినవాడికి ఒప్పుకున్నవాళ్లే మోశారనిపిస్తుంది.

మా నాయన పేరు మంచి పేరు. తన తాత పేరు. ఇంట్లో ఎవరూ ఆ పేరు పెట్టి పిలిచేవారు కాదు, అమ్మ అసలే పలికేది కాదు. బయట పటేలు దాన్ని సగానికి విరిచి, "గాడు" కలిపి పిలిచేవాడు. నాకు కోపం వచ్చేది. నాయన మాత్రం, పేరన్న పిలుస్తుండు గదా అనేవాడు.

మా ఊరి బంచరాయి గుట్ట వెనుక ఉండేది. ఎర్ర దుబ్బనేల. రేగుపొదలు, తంగేడు, అక్కడక్కడా రాళ్లు. చూసేవాడికి పనికిరాని భూమి. వానలు పడితే మాత్రం మోకాటి ఎత్తు గడ్డి మొలిచేది. ఊరి పశువులన్నీ దాని మీదే బతికేవి. గొల్లల మేకలు, మా ఎడ్లు, దూదేకుల మామ బర్రె, అన్నీ. మెట్ట పంట ఎండిన ఏడు కూడా పశువు నిలిచేది ఆ గడ్డి వల్ల. పశువు నిలిస్తే ఇల్లు నిలిచేది. ఆ భూమి ఎవరి పేరునా లేదు. ఎవరి పేరునా లేదు కాబట్టే పటేలు కన్ను పడింది. ఒక ఏడు తొలకరికి దాని చుట్టూ ముండ్లకంప వేయించి, నాగళ్లు కట్టించాడు. అడిగితే, ఊరోళ్లు ఒప్పుకున్నరు అన్నాడు.

అప్పుడు మావాళ్లు దరఖాస్తు పెట్టారు. మా ఊరివాళ్లు పటేలు మీద కాగితం పెట్టడం అంతకుముందు లేదు. తాలూకా కచేరీ ఏ ఊళ్లో అన్నది ఇక్కడ రాయను. తెలిసినవాళ్లకు తెలుసు. అక్కడి వకీలు ఒకాయన ఉర్దూలో దరఖాస్తు రాశాడు. అందరిలోకి పెద్దవాడని మా పెద్దనాయన పేరు మొదట పెట్టారు. కింద అందరూ వేలిముద్రలు వేశారు. మా నాయన వేలు తుడుచుకుంటూ, నా పేరు ఉందా అని అడిగాడు. వకీలు, అందరి పేర్లూ ఉన్నాయన్నాడు. అది అబద్ధం కాదు. పేషీ నాడు పేరు పిలుస్తారనీ, పిలవగానే హాజిర్ అనాలనీ, పలకకపోతే కేసు పోతుందనీ చెప్పాడు. ఆ రోజు తనకు వేరే కచేరీలో పని ఉందనీ, మొదటి పేషీ హాజరీకే కాబట్టి తాను లేకపోయినా నడుస్తుందనీ కూడా చెప్పాడు.

నాయన ఇంటికి వచ్చి ఆ మాట నేర్చుకున్నాడు. ఎడ్లకు కుడితి పెడుతూ "హాజిర్ సర్కార్" అనేవాడు. ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా. మెల్లగా అంటే వినపడదేమో, గట్టిగా అంటే పొగరనుకుంటారేమో అని ఆయన బెంగ.

"ఇగ ఎడ్లకు గూడ ఉర్దూ వస్తది. నాలుగొద్దులైతె అవే పోయి పలికొస్తయి" అంది అమ్మ.

నాకు అప్పటికి పెళ్లయి ఒక ఏడు. నాకు తెలుగు చదవడం వచ్చు, ఉర్దూ రాదు. మా వైపు అప్పట్లో తెలుగు చదివిన చదువుకు కచేరీలో విలువ లేదు. ఈ మాట కూడా నేను రాసి పెట్టదలచుకున్నాను, ఎందుకంటే ఒక సభలో ఒకాయన, చదువుకున్న కొడుకు పక్కన ఉండి కూడా అని నన్ను దెప్పాడు. ఆయన పుట్టేనాటికి ఆ కచేరీ భాష మారిపోయింది.

పేషీకి రెండు రోజుల ముందు పెద్దనాయనకు చలిజ్వరం పట్టింది. లేచి నిలబడలేకపోయాడు. మేమంతా ఆయన మంచం చుట్టూ చేరాం. ఎట్లా చేద్దామని అడిగితే ఆయన ఒకటే మాట చెప్పాడు. పక్క ఊరిలో ఒకడు తమ్ముడి బదులు వేలిముద్ర వేసి జైలుకు పోయిన సంగతి ఆయన మనసులో ఉంది.

"నా పేరు పిలిస్తె ఒక్కడు గూడ పలకొద్దు. ఒకని పేరుకు ఇంకొకడు పలికితె జేల్ల ఏస్తరు. నా వెనక మీ పేర్లు వస్తయి. మీరు పలికి లోపటికి పోయినంక చెప్పున్రి, ఆయనకు జరం, లేవలేకుండున్నడని."

అందులో తప్పేమిటో చెప్పమని నేను చాలామందిని అడిగాను. నిజాయితీ ఉన్న మనిషి అంతకంటే ఏం చెబుతాడు?

ముందురోజు బయలుదేరి, సాయంత్రానికి కచేరీ ఉన్న ఊరు చేరాం. మరునాడు తెల్లవారగానే అందరూ గడ్డాలు గీయించుకున్నారు. నాయన మా మామ దగ్గర అడిగి తెచ్చిన తెల్ల అంగీ తొడుక్కున్నాడు. కచేరీ ముందు వేపచెట్టు ఉంది. ఇంకా తలుపు తెరవకముందే మేము దాని కింద కూర్చున్నాం. మాకు ముందు ఎవరూ రాలేదు. నీడ కదిలితే మేమూ కదిలాం, కానీ కచేరీ మెట్లు కనిపించకుండా ఒక్కరూ కూర్చోలేదు. మాట్లాడుకుంటే పిలుపు వినపడదని నాయన ఎవర్నీ మాట్లాడనివ్వలేదు.

ఎండ ఎక్కినాక చప్రాసి మెట్ల మీదికి వచ్చాడు. మొదట వేరే ఊరి కేసు పిలిచాడు. తరువాత మా పెద్దనాయన పేరు వినపడింది. పేరు, వల్ద్ అని తండ్రి పేరు, ఆ తరువాత "వగైరా హాజిర్ హై?" అన్నాడు.

మా నాయన సగం లేచాడు. పక్కనున్న గొల్లల పెద్దమనిషి ఆయన పంచె పట్టుకుని కిందికి లాగాడు.

"కూసో. అన్న ఏం జెప్పిండు? ఆయన పేరుకు పలకొద్దన్నడు."

"వెనక ఇంకోటి గూడ అన్నడు గదా" అన్నాడు నాయన.

అందరూ దూదేకుల మామ వైపు చూశారు. ఆయన తురకవాడు కాబట్టి ఉర్దూ తెలుసునని మావాళ్ల నమ్మకం. ఆయన ఇంట్లోనూ తెలుగే మాట్లాడేవాడు.

"నన్నేంది జూస్తున్రు? నాకొచ్చింది నమాజు వరకే. కచేరీ మాట నాకేం తెల్సు" అన్నాడు.

చప్రాసి రెండోసారి పిలిచాడు. మళ్లీ అదే. వగైరా.

ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. మావాళ్లకు ఆ మాట తెలియక కాదు. బాగా తెలుసు. అంగడిలో రోజూ వినే మాట. ఉప్పు, మిరపకాయలు వగైరా. తాళ్లు, బొక్కెనలు వగైరా. ఒక్కొక్కటి చెప్పనక్కరలేని చిల్లర సామానుకు ఆ మాట. మా నాయన కూడా వాడేవాడు. అందుకే ఆయన కాసేపు ఆలోచించి తనకు తెలిసినట్టు అర్థం చెప్పాడు.

"అన్న వచ్చిండా, కాగితాలు వగైరా తెచ్చిండా అని అడుగుతుండు."

అందరికీ అది సరిగ్గానే తోచింది. నాకూ సరిగ్గానే తోచింది. మనుషులు వచ్చారా అని అడగడానికి సామాను మాట వాడతారని ఎవరికి తోస్తుంది?

మూడోసారి పిలిచాడు. వేపచెట్టు కింద మేమంతా కూర్చునే ఉన్నాం, తరువాత వచ్చే పేరు కోసం. మా నాయన పెదవులు కదులుతున్నాయి. హాజిర్ సర్కార్, హాజిర్ సర్కార్ అని లోపల అనుకుంటున్నాడు. చప్రాసి మా వైపు ఒకసారి చూశాడు. అది నాకు బాగా గుర్తుంది. మనుషులున్నారని చూశాడు. చూసి లోపలికి వెళ్లిపోయాడు. మళ్లీ వచ్చినప్పుడు ఇంకో ఊరి కేసు పిలిచాడు.

మేము ఎదురుచూశాం. కట్టుకొచ్చిన రొట్టె విప్పలేదు, నోట్లో ముద్ద ఉంటే పలకలేమని. మధ్యాహ్నం దాటింది. కచేరీ ముందు జనం పలచబడ్డారు. చివరికి తలుపులు మూసే వేళకు నాయన లేచి, అంగీ సర్దుకుని మెట్ల దగ్గరికి వెళ్లాడు. నేను వెంట వెళ్లాను. కచేరీ గుమాస్తా, పేష్కారు, కాగితాల కట్ట చంకలో పెట్టుకుని బయటికి వస్తున్నాడు. నడివయసు మనిషి. కసురుకునే మనిషి కాడు. మా ఊరి పేరు చెప్పి, మా కేసు ఎప్పుడు పిలుస్తారని నాయన అడిగాడు.

"మీది అయిపాయె. యకతర్ఫా అయింది. మీరు గైర్‌హాజర్" అన్నాడు పేష్కారు.

యకతర్ఫా అంటే ఒకే పక్షం మాట విని ఇచ్చే తీర్పు. ఆ మాట అర్థం నాయనకు అప్పుడు తెలియదు. కానీ గైర్‌హాజర్ తెలుసు. హాజిర్ నేర్చుకున్నవాడు కదా.

"మేము పొద్దుగాల్నించి గీ చెట్టు కిందనే ఉన్నం సర్కార్."

"పిలిస్తె పలకలే గదయ్యా."

"మా అన్నకు జరం. ఆయన రాలే. మా పేర్లు పిలవలేదు."

"వగైరా అనె గద. వగైరా అంటె మీరే. ఒక్కొక్కని పేరు పిలవాలంటె చప్రాసి గొంతు ఏం గావాలె?"

ఆయన నవ్వలేదు. వెక్కిరించలేదు. తెలియనివాడికి ఓపికగా చెప్పినట్టు చెప్పాడు. అందుకే ఆ మాట చేసిన గాయం నాకు ఇప్పటికీ మానలేదు. వెక్కిరించి ఉంటే తిట్టుకుని మరిచిపోయేవాణ్నేమో. మా నాయన ఆయన మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఏదో అనబోయాడు. నోరు తెరిచాడు కూడా. ఆయన నోటి వెంట వచ్చింది "హాజిర్ సర్కార్" అన్న మాటే. పేష్కారు తల ఊపి వెళ్లిపోయాడు.

మేము ఇల్లు చేరాం. పెద్దనాయన మంచం మీద లేచి కూర్చుని, పిలిచారా అని అడిగాడు.

"నిన్ను పిలిచిన్రు. నీ సామాన్ను పిలిచిన్రు. గా సామానే మేమంట" అన్నాడు నాయన.

వకీలు దగ్గరికి మళ్లీ వెళ్లాం. అంతమంది ఉండి ఒక్కడు పలకలేకపోయారా అని కోప్పడ్డాడు. కేసు మళ్లీ తెరవమని అర్జీ పెట్టవచ్చు, కానీ ఎందుకు హాజరు కాలేదో కారణం రాయాలి అన్నాడు. మా నాయన జరిగింది జరిగినట్టు చెప్పాడు. వగైరా అంటే మేమని తెలియలేదు, అదే రాయండి అన్నాడు. వకీలు రాయనన్నాడు. అట్లా రాస్తే లోపల నవ్వుతారట. మాకు సిగ్గనిపించలేదు, ఆయనకు సిగ్గయింది. అందరికీ జ్వరం వచ్చిందని రాశాడు. ఊళ్లో ఇంతమందికీ ఒకే రోజు జ్వరం వచ్చిందా అని అడిగి అర్జీ కొట్టేశారు. నిజమైన కారణం ఏ కాగితం మీదికీ ఎక్కలేదు. ఇప్పుడు సభల్లో మాట్లాడే పెద్దలు ఆ కాగితాలే చూసి మాట్లాడతారు. అందులో మేము రాలేదని ఒకచోట, అబద్ధం చెప్పామని ఇంకొకచోట ఉంది.

బంచరాయి పోయింది. ఆ ఎండాకాలానికే గొల్లలు మందలు తోలుకుని బల్మూరు అడవి వైపు పోయారు, వాళ్లలో సగంమంది తిరిగి రాలేదు. దూదేకుల మామ బర్రెను అమ్ముకున్నాడు. మేము ఎడ్లలో ఒకదాన్ని ఉంచుకుని, దున్నేటప్పుడు ఇంకొకరితో జోడు కలిపేవాళ్లం.

పటేలు మనుషులకు మాత్రం కొత్త మాట దొరికింది. మా నాయన బజారులో కనిపిస్తే "ఏం వగైరా, యాడికి" అనేవారు. ఇంకొకడు అందుకుని, ఒక్కడే పోతుండేంది, వగైరా అంటె పదిమందుండాలె గదా అనేవాడు. ఏడాది తిరిగేసరికి మా ఇంటిపేరు మరుగునపడి, మేము వగైరోళ్లమయ్యాం. నా భార్య బావి దగ్గరికి పోతే, వగైరోళ్ల కోడలు వచ్చింది, తాడియ్యున్రి అనేవారు. ఆమె వనపర్తి వైపు మనిషి, మాట పడే రకం కాదు.

"మీరంత పేర్లున్నోళ్లు గదా, ఒక్కొక్కరు పేరు జెప్పుకుంట నీళ్లు తోడున్రి. నేను ఆఖరుకే తోడుకుంట" అని గట్టు మీద కూర్చుందట. ఆ రోజు ఆమె ఇంటికి నీళ్లు తెచ్చేసరికి పొద్దు నెత్తికెక్కింది. ఎవరెవరు ఆ మాట అన్నారో ఆమె నాకు చెప్పింది. వాళ్ల మనుమల పెళ్లిళ్లకు కూడా నేను వెళ్లలేదు.

తరువాత కాలం మారింది. నలభైల్లో సభలు మొదలయ్యాయి. పట్నం నుంచి, ఇంకా దూరం నుంచి మాట్లాడేవారు వచ్చారు. వాళ్లు మమ్మల్ని కొత్త మాటలతో పిలిచారు. ప్రజలు, ప్రజానీకం, సామాన్య జనం, పామరులు. నాగర్‌కర్నూలులో ఒక సభకు మా నాయన నన్ను తోడు తీసుకుని వెళ్లాడు. మాట్లాడిన యువకుడు మంచివాడే. గొంతు బొంగురుపోయేలా మా తరఫున మాట్లాడాడు. సభ అయ్యాక నాయన ఆయన దగ్గరికి వెళ్లి, మీరు చెప్పిన పరజలంటే ఎవరని అడిగాడు.

"మీరే తాతా" అన్నాడు ఆ యువకుడు, భుజం మీద చేయి వేసి.

నాయన తల ఊపి వచ్చేశాడు. దారిలో నాతో అన్న మాట ఇది: "మంచిగనే పిలిచిండు బిడ్డా. గాని గీ మాటకు గూడ పలకాలంటె పక్కన ఎవడున్నడో చూసుకోవాలె."

నిజాం రాజ్యం పోయి, కచేరీలో తెలుగు మాట వినపడసాగిన కొత్తలో, ఆ యువకుడి సంఘమే మా బంచరాయి మీద మళ్లీ అర్జీ రాసిపెట్టింది. ఈసారి తెలుగులో. పెద్దనాయన అప్పటికి లేడు. సంఘంలో చదువుకున్న ఒకాయన పేరు మొదట పెట్టి, దాని పక్కన "మొదలగువారు" అని రాశారు. నాకు చదవడం వచ్చు కదా, చదివి నాయనకు చెప్పాను. ఆయన రాస్తున్న మనిషి దగ్గరికి వెళ్లి, తన పేరు రాయమన్నాడు, లోపల పిలిచేటట్టు రాయమన్నాడు. మొదలగువారు అంటే మీరంతా అందులోకే వస్తారు, అది మర్యాదైన మాట అని ఆ మనిషి నచ్చజెప్పాడు. కాగితం మీద చోటు లేదని కూడా అన్నాడు. నేను ఆ కాగితం చూశాను. కింద బెత్తెడు ఖాళీ ఉంది.

విచారణ రోజున మా నాయన చెట్టు కింద కూర్చోలేదు. మెట్ల మీదే నిలబడ్డాడు. మొదటి పేరున్నాయన కూడా వచ్చాడు, పక్కనే ఉన్నాడు. జవాను బయటికి వచ్చి ఆ పేరు, మొదలగువారు అని పిలవడం తోటే మా నాయన "హాజిర్" అన్నాడు. ఆ పేరున్నాయన నోరు తెరిచేలోపే అన్నాడు. తలుపు తోసుకుని లోపలికి వెళ్లి అధికారి ముందు నిలబడ్డాడు. నేను వెనకే ఉన్నాను.

నీ పేరేమిటని అధికారి అడిగాడు.

"మొదలగువారు" అన్నాడు నాయన.

గదిలో నవ్వారు. అధికారి కూడా నవ్వి, అసలు పేరు చెప్పు పెద్దాయనా అన్నాడు. అప్పుడు మా నాయన తన పేరు చెప్పాడు. తన తండ్రి పేరు, ఊరి పేరు చెప్పాడు. నిలబడి, మెల్లగానూ కాకుండా గట్టిగానూ కాకుండా చెప్పాడు. ఒక కచేరీలో ఆయన పేరు పూర్తిగా వినపడటం అదే మొదలు, అదే చివర. అది కూడా ఆయన చెప్పుకోవడమే, ఎవరూ పిలవలేదు.

అధికారి పాత కాగితాలు తిప్పాడు. భూమి పటేలు పేరున పట్టా అయి ఏళ్లు గడిచాయన్నాడు. పాత తీర్పు చదివించుకున్నాడు. ఇందులో రైతులు గైర్‌హాజరని ఉంది, అప్పుడు రానివాళ్లు ఇప్పుడు వచ్చి అడిగితే నేనేం చేయగలను అన్నాడు. మేము వచ్చామని నాయన అన్నాడు. వచ్చినట్టు ఇందులో లేదే అని అధికారి అన్నాడు. రెండు మాటలూ అట్లాగే ఎదురెదురుగా నిలిచిపోయాయి. జవాను ఇంకో కేసు పిలిచాడు.

మా నాయన ఆ మరుసటి ఏడు పోయాడు. పోయే ముందు భూమి సంగతి ఎత్తలేదు. గడ్డి సంగతి, ఎద్దు సంగతి ఎత్తలేదు. "వచ్చినమని రాయించు బిడ్డా" అన్నాడు. అంతే అడిగాడు. నేను ఆ రోజు నుంచి ఇదే పని మీద ఉన్నాను. కచేరీలో అడిగితే పాత దఫ్తరు మార్చే వీలు లేదన్నారు. సభల్లో అడిగితే ఏం చేశారో మొదటే చెప్పాను. మా ప్రాంతం చరిత్ర రాస్తున్నామని ఇంటికి వచ్చిన ఒకాయనకు ఇదంతా ఒక పూట కూర్చుని చెప్పాను. అచ్చయిన పుస్తకంలో ఆయన, "అమాయకులైన సామాన్య ప్రజలు విచారణకు హాజరు కాలేదు" అని రాశాడు. మా తరఫునే రాశాననుకున్నాడు. అమాయకులు అన్నది జాలి మాట, సామాన్యులు అన్నది గౌరవం మాట, ప్రజలు అన్నది గొప్ప మాట. మూడు మంచి మాటలు పక్కపక్కన పెట్టి, ఆ పేష్కారు రాసిందే మళ్లీ రాశాడు.

నేను ఇందులో ఎవరి పేరూ రాయలేదని చదివినవారు గమనించే ఉంటారు. ఆ చెట్టు కింద కూర్చున్నవాళ్లను పేరు పెట్టి పిలవవలసింది నేను కాదు. రాలేదని రాసినవారు, రాలేదని చెబుతున్నవారు పిలవాలి. అందుకని మిమ్మల్నే అడుగుతున్నాను. రైతులు హాజరు కాలేదంటున్నారు. ఏ రైతు? పేరు చెప్పండి. ప్రజలు అనకండి, సామాన్యులు అనకండి, మొదలగువారు అనకండి. తండ్రి పేరుతో సహా ఒక్కొక్కరి పేరూ చెప్పండి. మీరు చెప్పిన ప్రతి మనిషీ ఆ రోజు ఆ వేపచెట్టు కింద ఏ వైపు కూర్చున్నాడో, ఎవరి పక్కన కూర్చున్నాడో నేను చెబుతాను. ఒక్కణ్నైనా రానివాణ్ని చూపించండి, లేదా అందరూ వచ్చారని రాయండి. రెండిట్లో ఏదో ఒకటి చేయండి. నాకు జవాబు కావాలి.